బళ్లారి నుంచి ఉరవకొండకు పదిహేడు నిమిషాలు

స్కూలు అట్లాసు తెరిచి స్కేలు ఒక కొస బళ్లారి మీద, ఇంకో కొస చెన్నై మీనంబాకం మీద పెట్టి గీత గీయండి. ఆ గీత ఉరవకొండకు దక్షిణంగా ఐదు కిలోమీటర్ల లోపే పోతుంది. అక్కణ్నుంచి అనంతపురం నడినెత్తిన పడి, తిరుపతికి కాస్త కిందుగా సాగి మీనంబాకం చేరుతుంది. మొత్తం దాదాపు 430 కిలోమీటర్లు. ఊరికే సరదాకు గీసిన గీత కాదిది. మన దేశంలో టాటాల తొలి విమాన టపా నడిచిన దారిలో ఆఖరి మజిలీ ఈ రెండు ఊళ్ల మధ్యే.

1932 అక్టోబర్ 15న ఉదయం 6.35కు జె.ఆర్.డి. టాటా కరాచీలోని డ్రిగ్ రోడ్ ఏరోడ్రోమ్ నుంచి పస్ మాత్ అనే ఒంటి ఇంజిన్ విమానంలో పైకి లేచాడు. వెంట పాతిక కిలోల ఉత్తరాలు. అహ్మదాబాద్‌లో దిగి పెట్రోలు పోయించుకున్నాడు. ఆ పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. మధ్యాహ్నం 1.50కి బొంబాయి జుహూలో దిగాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. బొంబాయి నుంచి బళ్లారికి, బళ్లారి నుంచి మద్రాసుకు టపా మోసుకొచ్చినవాడు నెవిల్ విన్‌సెంట్. ఈ విమాన టపా ఆలోచనను టాటాల ముందు పెట్టిందీ ఆయనే. టాటా పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు, విన్‌సెంట్‌ను తలుచుకునేవాళ్లు అరుదు. మన గడ్డ మీదుగా నడిపినవాడు గనక ఉరవకొండ వాళ్లన్నా ఆయన్ను గుర్తుపెట్టుకోవాలి.

పస్ మాత్ గంటకు 160, 170 కిలోమీటర్ల వేగంతో పోయేది. బళ్లారి నుంచి ఉరవకొండకు నేరుగా కొలిస్తే 48 కిలోమీటర్లు. అంటే పదిహేడు నిమిషాలు, మహా అయితే పద్దెనిమిది. ఆ కాలపు పైలట్లు రైలు పట్టాలు, ఏర్లు, చెరువులు ఆనవాళ్లుగా చూసుకుంటూ నడిపేవారు కాబట్టి విన్‌సెంట్ స్కేలు పెట్టినట్టే పోయాడని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాస్త అటూ ఇటూ జరిగాడనుకున్నా ఇరవై నిమిషాలు దాటదు. తొంభై ఏళ్లు గడిచాక ఇదే రెండు ఊళ్ల మధ్య బస్సుకు గంట పైనే పడుతోంది.

ఆ మొదటి ఏడాది టాటా విమానాలు 1,60,000 మైళ్లు తిరిగాయి. మోసినవాళ్లు 155 మంది. ఉత్తరాలు పది టన్నులకు కాస్త తక్కువ. లాభం 60,000 రూపాయలు. మనుషుల కంటే ఉత్తరాలే ఎక్కువ ప్రయాణం చేసిన కాలం అది.

ఇప్పుడు రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ఎంతసేపు పడుతుంది అని ఫోన్‌ను అడిగితే రెప్పపాటులో చెబుతుంది. ఆ అంకె అబద్ధం కాదు. అయితే అది రన్‌వేకూ రన్‌వేకూ మధ్య లెక్క. బస్టాండులో పెట్టె పక్కన నిలబడ్డ మనిషి లెక్క వేరే.

గుత్తిలో పరిచిన గొలుసు

విమాన దూరమంటే భూగోళం మీద రెండు బిందువులను కలిపే అతి దగ్గరి దారి. అది తెలియాలంటే ముందు భూమి ఎంత పెద్దదో తెలియాలి. ఒక అక్షాంశం నుంచి ఇంకో అక్షాంశానికి నేల మీద ఎన్ని కిలోమీటర్లో ఎవరో ఒకరు కొలిచి ఉండాలి. ఆ కొలతలో మన అనంతపురం జిల్లాకు వాటా ఉంది.

1802లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ పక్కన వంద అడుగుల ఉక్కు గొలుసు పరిచి, పన్నెండు కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచాడు. ఇవాళ చెన్నై విమానాశ్రయం ఉన్నది ఆ కొండ పక్కనే. అక్కడ మొదలైన త్రికోణమితి సర్వే కొండ నుంచి కొండకు చూపు వేసుకుంటూ దేశమంతా పాకింది. అర టన్ను బరువున్న కోణమాపక యంత్రాన్ని మనుషులు మోసుకుంటూ కొండలెక్కారు. మధ్యమధ్య లెక్క తప్పిందేమో చూసుకోవడానికి మళ్లీ నేల మీద గొలుసు పరిచి కొలిచేవారు. అలా కొలిచిన చోట్లలో గుత్తి ఒకటి, 1811లో. కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి సాగిన ఆ మహారేఖ 78వ రేఖాంశాన్ని ఆనుకొని మన సీమ గుండా వెళ్లింది.

లాంబ్టన్ తేల్చుకోవాలనుకున్న చిక్కు ఒకటుంది. భూమి పూర్తి గుండ్రం కాదు, ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుంది. అందుకే ఒక డిగ్రీ అక్షాంశం అన్నిచోట్లా ఒకే పొడవు ఉండదు. ఉరవకొండ దగ్గర 110.6 కిలోమీటర్లుంటే ధ్రువం దగ్గర 111.7 ఉంటుంది. తేడా చిన్నదే. పదహారు డిగ్రీలు దాటి పోయే విమానానికి అదే చిన్న తేడా కొన్ని కిలోమీటర్లుగా తేలుతుంది.

దీన్ని పదో తరగతి పిల్లలు కూడా లెక్కేయొచ్చు. బెంగళూరు విమానాశ్రయం 13.20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, హైదరాబాద్‌ది 17.23 మీద ఉన్నాయి. తేడా నాలుగు డిగ్రీల పైచిలుకు. 110.6తో గుణిస్తే 446. రేఖాంశాల తేడా ముప్పావు డిగ్రీ కంటే కాస్త తక్కువ. మన అక్షాంశాల దగ్గర రేఖాంశపు డిగ్రీ 107 కిలోమీటర్లే గనక అది 78 అవుతుంది. ఇక పైథాగరస్ సూత్రం వేస్తే సుమారు 453, 455 కిలోమీటర్లు వస్తుంది. కంప్యూటర్లు చెప్పే అంకె కూడా అంతే. పైలట్లు కిలోమీటర్లలో మాట్లాడరు, నాటికల్ మైళ్లలో మాట్లాడతారు. అక్షాంశపు డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. ఆ కొలతలో బెంగళూరు నుంచి హైదరాబాద్ 246 మైళ్లు.

ఈ గీత ఉరవకొండ మీదుగా రాదు. తూర్పున ఎనభై కిలోమీటర్ల దూరంలో తాడిపత్రి నెత్తిన పోతుంది.

ఆకాశంలో గుత్తి జంక్షన్

ఇంకో రెండు గీతలు గీద్దాం. ఒకటి బెంగళూరు నుంచి ఢిల్లీకి, 1,700 కిలోమీటర్లు. అది అనంతపురం పక్కగా పైకి పోయి గుత్తి కోట మీదికి వస్తుంది. రెండోది ముంబయి నుంచి చెన్నైకి, దాదాపు 1,030 కిలోమీటర్లు. అది గుంతకల్లుకు ఉత్తరంగా వచ్చి మళ్లీ గుత్తి మీదే పడుతుంది. దేశంలో రద్దీగా ఉండే రెండు విమాన దారులను స్కేలుతో గీస్తే అవి అడ్డంగా కలుసుకునే చోటు గుత్తి. నేను మొదటిసారి గీసినప్పుడు స్కేలు జరిగిందేమోనని మళ్లీ గీశాను.

కాస్త ఆలోచిస్తే ఇది వింత కాదు. ముంబయి నుంచి మద్రాసుకు 1871లో పూర్తయిన రైలుమార్గం కూడా గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప మీదుగానే పోతుంది. ఆ ఇంజినీర్లు కూడా వీలున్నంత వరకు దగ్గరి దారినే వెతికారు. ఘాట్లు, నదులు అడ్డొచ్చిన చోట పట్టాలు వంగాయి. అందుకే రైలుకు దాదాపు 1,280 కిలోమీటర్లు, గాలిలో అంతకంటే 250 తక్కువ. దక్కన్ పీఠభూమి నడిమధ్యన ఉండడం వల్ల అటువాళ్లూ ఇటువాళ్లూ మన మీదుగా పోవడం మనకు వందేళ్లకు పైబడ్డ అలవాటే. దిగేవాళ్లు మాత్రం తక్కువ.

అయితే నిజంగా విమానాలు ఈ గీతల మీదే పోతాయనుకోకూడదు. ఆకాశంలో కూడా దారులు వేసి ఉంటాయి. మలుపు బిందువులుంటాయి. వాటికి ఐదక్షరాల పేర్లుంటాయి. సైన్యం వాడుకునే ఆకాశం దగ్గర పక్కకు తిరగాలి, ఉరుముల మేఘం కనిపిస్తే చుట్టుకుపోవాలి, ఎదుటి విమానానికి దారివ్వాలి. అందుకే నడిచిన దూరం ఎప్పుడూ గీసిన దూరం కంటే కొద్దిగా ఎక్కువే ఉంటుంది.

ముప్పై మూడు నిమిషాలు డెబ్బై ఐదు ఎలా అయ్యాయి

బెంగళూరు నుంచి హైదరాబాద్ 455 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ 320 పైకి ఎక్కాక గంటకు 830 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. భాగిస్తే ముప్పై మూడు నిమిషాలు. టికెట్ మీద చూస్తే గంటా పది, గంటా పదిహేను అని ఉంటుంది. మిగతా నలభై నిమిషాలు ఎక్కడికి పోయాయి?

టికెట్ మీది సమయం గాల్లో ఉన్నంత సేపటిది కాదు. చక్రాల కింద పెట్టిన దిమ్మెలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మెలు పెట్టే క్షణం వరకు లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. గేటు నుంచి రన్‌వే దాకా పాకడం, ముందున్న విమానాల వెనుక వరసలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం అన్నీ దాంట్లోనే. ఆలస్యం పేరు రాకుండా కంపెనీలు ఇంకో పది నిమిషాలు కలిపి రాసుకుంటాయి. మన ఆర్టీసీ టైమ్ కీపర్లకు ఈ విద్య తెలియంది కాదు.

ఇంకో చిక్కు రన్‌వేలది. బెంగళూరు రన్‌వేలు రెండూ తూర్పు పడమరలుగా ఉన్నాయి, హైదరాబాద్ శంషాబాద్‌వి కూడా అంతే. పోవాల్సింది ఉత్తరానికి. కాబట్టి విమానం ముందు గాలికి ఎదురుగా తూర్పుకో పడమరకో లేచి, మళ్లుకొని ఉత్తరం పట్టాలి. అవతల మళ్లీ తూర్పుకో పడమరకో తిరిగి దిగాలి. పది వేల అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదన్న నిబంధన ఒకటి. మొత్తం మీద ఇంత చిన్న దూరంలో విమానం పూర్తి వేగంతో పోయేది పదిహేను, ఇరవై నిమిషాలే. మిగిలిందంతా ఎక్కడమూ దిగడమూ.

సగటు చూడండి. హైదరాబాద్ ప్రయాణంలో గంటకు 364 కిలోమీటర్లు. రెండు గంటల యాభై నిమిషాల ఢిల్లీ ప్రయాణంలో 600. పదిహేడు గంటల పైబడ్డ అమెరికా ప్రయాణంలో దాదాపు 800. విమానానికి దూరమిచ్చేకొద్దీ అది తన వేగం చూపిస్తుంది. దగ్గరి ఊళ్ల మధ్య చూపించే సందు దానికి దొరకదు.

2008లో మన వైపు జరిగిన రెండు విమానాశ్రయాలు

దూరాల గురించి ఎంత రాసినా ఉరవకొండకు నిజంగా పనికొచ్చిన మార్పు ఒకటే. దాన్ని ఎవరూ మన కోసం చేయలేదు.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. రెండు నెలలకు, మే 24న, దేవనహళ్లిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం మొదలైంది. బేగంపేట, హెచ్ఏఎల్ పాత విమానాశ్రయాల నుంచి మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అప్పట్లో రెండు నగరాల వాళ్లూ గగ్గోలు పెట్టారు, ఊరికి ఇంత దూరమా అని. మ్యాపు మన వైపు నుంచి చూడండి. బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరంగా, అనంతపురం రోడ్డు మీదికి జరిగింది. హైదరాబాద్‌ది నగరానికి దక్షిణంగా, కర్నూలు రోడ్డు మీదికి జరిగింది. రెండూ ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉన్నాయి. నగరాలకు దూరమైన కిలోమీటర్లు అనంతపురం, కర్నూలు జిల్లాలకు కలిసొచ్చాయి. పాత రోజుల్లో విమానమెక్కాలంటే బెంగళూరు నగరమంతా ఈదుకుంటూ హెచ్ఏఎల్ దాకా పోవాలి. ఇప్పుడు హెబ్బాళ ఫ్లైఓవర్ మొహం కూడా చూడకుండా విమానం ఎక్కొచ్చు.

ఉరవకొండకు చుట్టూ విమానాశ్రయాలకు కరువేమీ లేదు, వానలకున్నట్టు. నేరుగా కొలిస్తే బళ్లారి పాత విమానాశ్రయం 48 కిలోమీటర్లు, తోరణగల్లు దగ్గరి విద్యానగర్ 73, పుట్టపర్తి 105, ఓర్వకల్లు 128, కడప 169, దేవనహళ్లి 200, శంషాబాద్ 281. ఏడు పేర్లు. ఎక్కేది మాత్రం దాదాపు ఎప్పుడూ దేవనహళ్లిలోనే.

పుట్టపర్తిలో 1990 నవంబర్ 24న మొదలైన విమానాశ్రయానికి రెండు కిలోమీటర్లకు మించిన రన్‌వే ఉంది. అది సత్యసాయి ట్రస్టుది. అక్కడ దిగేవి ఎక్కువగా ప్రత్యేక విమానాలే. 2022లో జిల్లా చీలాక అది శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయింది. కడపలో 2015 జూన్‌లో కొత్త టెర్మినల్ వచ్చింది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి రోజున, 2017 ఏప్రిల్ 27న, సిమ్లా నుంచి ప్రధాని జెండా ఊపిన విమానాల్లో కడప నుంచి హైదరాబాద్ వెళ్లే ట్రూజెట్ ఒకటి. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు మించకూడదన్నారు. విద్యానగర్ నుంచి హైదరాబాద్‌కు కూడా అదే కంపెనీ నడిపింది. 2022లో ఆ కంపెనీ ఎగరడం మానేసింది. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం 2021 మార్చి చివర్లో మొదలై, బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు లేచాయి.

ఇలాంటి చోట్ల విమానం వారానికి ఎన్ని రోజులుందో, ఈ నెల ఉందో లేదో కనుక్కొని పోవాలి. దేవనహళ్లిలో ఆ బాధ లేదు. ఒకటి తప్పిపోతే ఇంకోటి ఉంటుంది. దగ్గరి విమానాశ్రయం కంటే ఎక్కువ విమానాలున్న విమానాశ్రయమే మనిషికి దగ్గర. చిన్న ఊళ్లలో రన్‌వే వేసి రిబ్బన్ కత్తిరించేవాళ్లు ఈ సంగతి ఎందుకు మరిచిపోతారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఉరవకొండ నుంచి హైదరాబాద్‌కు విమానంలో పోదాం. ఊళ్లో రైలు స్టేషన్ లేదు కాబట్టి కారే గతి. అనంతపురం మీదుగా దేవనహళ్లికి 230 కిలోమీటర్లు, నాలుగు గంటలు. రెండు గంటల ముందే చేరాలి. విమానంలో గంటా పదిహేను. శంషాబాద్‌లో పెట్టె తీసుకొని నగరంలోకి పోవడానికి ఇంకో గంటన్నర. అంతా కలిపితే ఎనిమిది ముక్కాలు, తొమ్మిది గంటలు. నేరుగా 281 కిలోమీటర్లున్న శంషాబాద్‌కు ముందు రెండు వందల కిలోమీటర్లు వెనక్కి పోయి, మళ్లీ తాడిపత్రి మీదుగా ముందుకు రావడమన్నమాట. గుంతకల్లులో రాత్రి రైలెక్కినా, ఉరవకొండలో బస్సెక్కి పడుకున్నా తెల్లారేసరికి హైదరాబాదే. పగలు పోవాలంటే 2023 సెప్టెంబర్‌లో మొదలైన కాచిగూడ, యశ్వంతపూర్ వందే భారత్ అనంతపురంలో ఆగుతుంది. అది మొత్తం 610 కిలోమీటర్ల దారిని ఎనిమిదిన్నర గంటల్లో పోయేలా మొదలైంది.

విశాఖ పోవాలంటే లెక్క తిరగబడుతుంది. బెంగళూరు నుంచి గాలిలో 775 కిలోమీటర్లు, గంటా నలభై నిమిషాల చుట్టూ. రైలుకైతే రాత్రి గడిచి మర్నాడు కూడా సగం పోతుంది. నా లెక్క ప్రకారం ఉరవకొండ మనిషికి ఆరేడు వందల కిలోమీటర్ల లోపు విమానం గిట్టదు. అనంతపురం టౌన్‌లో ఉండేవాళ్లకు ఇంకో వంద తగ్గించుకోవచ్చు.

దూరం సున్నా అయిన విమానాలు

ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప పల్లెల్లో రైతులు తల పైకెత్తి ఎదురుచూసిన విమానాలు ఒక కాలంలో ఉన్నాయి. అవి ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోలేదు. లేచిన చోటికే వచ్చి దిగేవి. 2003లో రాష్ట్ర ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టినప్పుడు అనంతపురం జిల్లా దాంట్లో ముందు వరసలో ఉంది.

ఆ విమానం మేఘం వెతుక్కుంటూ పోతుంది. బాగా ఎత్తున చల్లగా ఉన్న మేఘంలోనైతే వెండి అయోడైడ్ కాలుస్తుంది, దాని చుట్టూ మంచు పలుకులు కట్టాలని. కింది మేఘంలోనైతే కాల్షియం క్లోరైడ్ లాంటి ఉప్పు రజను చల్లుతుంది, తేమ పట్టి చినుకు లావెక్కాలని. మేఘమే లేని రోజున చేసేదేమీ లేదు. అదే ఈ పద్ధతికున్న పెద్ద తంటా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, వేరుశెనగ ఎండిపోయే రోజుల్లో మేఘాలూ ఉండవు. ఇంకా, పడిన వాన విమానం వల్ల పడిందా, పడాల్సిందే పడిందా అన్నది తేల్చడం ఏ దేశంలోనూ సులువు కాలేదు. 2009 తర్వాత ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ తర్వాత నీళ్లు ఆకాశం నుంచి కాదు, శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ నీవా కాలువలో ఒక్కో పంపు ఎక్కుతూ జీడిపల్లి జలాశయం చేరాయి.

గాలిమర చెప్పని గాలి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉరవకొండ చుట్టూ ఉన్న గాలిమరలన్నీ పడమటి వైపు మొహం పెట్టి తిరుగుతుంటాయి. రాత్రిపూట వాటి నెత్తిన ఎర్ర దీపాలు మినుకుమంటాయి, విమానాలకు కనబడాలని. అవి పట్టే గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అదే రోజుల్లో, వాటి మీద పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున గాలి సరిగ్గా ఎదురు దిక్కున, తూర్పు నుంచి పడమరకు ఉరుకుతుంటుంది. ఆ తూర్పు జెట్ గాలి సంగతి 1950లలో ప్రపంచానికి వివరించింది మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. 1958లో వచ్చిన ఆయన వ్యాసం రుతుపవనాల అధ్యయనంలో పేరున్నది. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు.

విమానాలు ఎక్కువగా పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతాయి గనక ఆ జెట్ నడిబొడ్డు వాటికి తగలదు, కింది అంచు తగులుతుంది. జులైలో ముంబయి నుంచి చెన్నై పోయే విమానానికి అది ఎదురుగాలి, తిరుగు ప్రయాణంలో తోడుగాలి. తేడా కొన్ని నిమిషాలే. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి జెట్ గాలి వీస్తుంది. అప్పుడు యూరప్ నుంచి ఢిల్లీ వచ్చే విమానం ముందే దిగుతుంది, పోయేది ఆలస్యమవుతుంది. ఒకే దూరానికి రానూ పోనూ రెండు వేర్వేరు సమయాలు ఎందుకు రాస్తారంటే ఇందుకే.

అమెరికా దారి ఉత్తరాన ఎందుకు

ఉరవకొండ, గుంతకల్లు, అనంతపురం ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే విమాన లెక్క ఇదే. పిల్ల యాడ దిగింది, ఇంకెంతసేపు పడతాది, ఆడ ఇప్పుడు టైమెంత?

పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉండే గోడ మ్యాపులో బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గీత గీస్తే అది ఆ సముద్రం మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం లాగితే ఆ దారం చైనా, సైబీరియాల మీదుగా 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. దూరం 13,990 కిలోమీటర్లు. గోళాన్ని చదును చేసి కాగితం మీద పరిచినప్పుడు పైన ఉన్న దేశాలు సాగిపోతాయి కాబట్టి దగ్గరి దారి మన కంటికి చుట్టుదారిలా కనిపిస్తుంది. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు మన తెలుగమ్మాయి కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. ధ్రువం మీదుగా లెక్కేస్తే దూరం 14,370 దాకా వస్తుంది. దగ్గరి దారి కంటే 400 కిలోమీటర్లు కూడా ఎక్కువ కాదు. గాలి అనుకూలిస్తే ఆ ఎక్కువ దూరమే తక్కువ సమయం అవుతుంది. పదిహేడు గంటలు ప్రయాణించి వాళ్లు దిగింది జనవరి 11 తెల్లవారుజామున. ఆ విమానంలో ఉన్నవాళ్లకు జనవరి 10 దాదాపు లేకుండా పోయింది.

ఎదురు దిక్కున పోయేవాళ్లకు రోజు సాగుతుంది. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు. మధ్యాహ్నం ఎక్కినవాళ్లు పదిహేడు గంటలు కూర్చొని అదే తేదీ సాయంత్రం దిగుతారు. టికెట్ చూసిన పెద్దవాళ్లు మూడు నాలుగు గంటల్లోనే చేరిపోతారా అని అడగడంలో తప్పేం లేదు, అక్కడ రాసినది అలాగే ఉంటుంది. అసలు మన గడియారమే మన సూర్యుడి కంటే ముందుంది. దేశమంతటికీ 82.5 డిగ్రీల రేఖాంశపు సమయం పెట్టారు. ఉరవకొండ 77.27 మీద ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 21 నిమిషాలకు.

తేదీల దగ్గర పొరబడేది మాత్రం ఎక్కువగా ఊళ్లోనే. విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్ మీద మంగళవారం 4.00 అని ఉంటే అది మంగళవారం తెల్లవారుజాము. మూడు గంటల ముందు చేరాలి, అంటే ఒంటిగంటకు. దేవనహళ్లికి నాలుగు గంటలు. లారీ అడ్డం పడిందనో టోల్ దగ్గర వరస ఉందనో ఇంకో గంట. లెక్క సోమవారం రాత్రి 8 గంటలకు తేలుతుంది. సాగనంపడానికి బంధువులంతా జీపులో వస్తామంటే 7 గంటలకే బయల్దేరండి. బాగేపల్లిలో టీకి ఆగకుండా పోయిన జీపును నేనింతవరకు చూళ్లేదు.